లేత్‌కి వీఎఫ్‌డీ పెడితే వేగం చేతికొస్తుంది, మరి బలం?

బెంగళూరులో పీణ్య, కామాక్షిపాళ్య, రాజాజీనగర్ వైపు చిన్న షెడ్ అద్దెకు తీసుకుని లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే మెషిన్) పెట్టుకున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు. హిందూపురం, మదనపల్లె, అనంతపురం నుంచి ఐటీఐ చేసి టర్నర్‌గా, అంటే లేత్ నడిపేవాడిగా వచ్చి, కొన్నేళ్లు ఎవరి దగ్గరో పనిచేసి, చేతిలో నాలుగు డబ్బులు పడ్డాక సొంత మెషిన్ కొనుక్కునేవాళ్లు. కొత్త లేత్‌కి అడ్వాన్సు ఇచ్చే రోజునే వాళ్లకు ఒక టెన్షన్ మొదలవుతుంది: మోటార్ వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ (డ్రైవ్ అని కూడా అంటారు) వేయించాలా, వద్దా?

అమ్మేవాళ్లు "వేస్తే గేరు మార్చే పనే ఉండదు, కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది" అంటారు. ఏళ్ల తరబడి చక్ (జాబ్‌ను, అంటే చెక్కాల్సిన ముక్కను బిగించే పట్టు) ముందు నిలబడ్డ పాత టర్నర్ "గేర్‌బాక్స్ ఉండగా అదెందుకు, మోటార్ కాలిపోతుంది" అంటాడు. షెడ్‌కి త్రీ ఫేజ్ ఇంకా రానివాళ్లకు ఎలక్ట్రీషియన్ ఇంకో మాట చెబుతాడు: "డ్రైవ్ ఉంటే సింగిల్ ఫేజ్ మీదే లాగించేయొచ్చు." ఈ మాటలన్నిట్లోనూ కొంత నిజం ఉంది, ఏదీ పూర్తిగా నిజం కాదు. ఎంతవరకు నిజమో తేల్చుకోవాలంటే మోటార్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

## మోటార్ వేగాన్ని నిర్ణయించేది ఏది

వర్క్‌షాప్ లేత్‌లో సాధారణంగా ఉండేది త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటార్. దాని వేగం రెండిటి మీద ఆధారపడుతుంది: వచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీ, లోపల వైండింగ్‌లో ఉన్న పోల్స్ సంఖ్య. ఫ్రీక్వెన్సీని 120తో గుణించి పోల్స్‌తో భాగించాలి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 4 పోల్ మోటార్‌కి 1,500 ఆర్‌పీఎం వస్తుంది. లోడ్ మీద కొంచెం వెనకబడి 1,430, 1,440 దగ్గర తిరుగుతుంది. నేమ్‌ప్లేట్ మీద కనిపించేది ఆ అంకే.

బెంగళూరు కరెంటు సంస్థ బెస్కామ్ పంపే 50 హెర్ట్జ్‌ను మనం మార్చలేం. అందుకే ఇన్నేళ్లూ స్పిండిల్ (చక్‌ను తిప్పే షాఫ్ట్) వేగం మార్చాలంటే బెల్టును ఒక పుల్లీ మీంచి ఇంకో పుల్లీకి జరపడమో, గేరు లివర్ తిప్పడమో తప్ప వేరే దారి ఉండేది కాదు. 1953లో స్విట్జర్లాండ్ కంపెనీ ఓర్లికాన్ సహకారంతో ఇదే ఊళ్లో మొదలైన హెచ్‌ఎంటీ తయారుచేసిన లేత్‌లు ఇప్పటికీ ఎన్నో షెడ్లలో తిరుగుతున్నాయి. ఆ ఆల్ గేర్డ్ లేత్‌ల హెడ్‌స్టాక్ (స్పిండిల్, గేర్లు ఉండే పెట్టె) మూత తీస్తే లోపలంతా గేర్లే.

వీఎఫ్‌డీ అంటే వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్. షాపుల్లో ఊరికే డ్రైవ్ అంటారు. మోటార్‌కి వెళ్లే ఫ్రీక్వెన్సీనే మార్చేయడం దాని పని. ముందు డయోడ్లు ఏసీని డీసీగా మారుస్తాయి. తర్వాత పెద్ద కెపాసిటర్లు ఆ డీసీని నిలకడగా ఉంచుతాయి. 415 వోల్టుల త్రీ ఫేజ్ ఇస్తే ఇక్కడ దాదాపు 587 వోల్టుల డీసీ ఉంటుంది, 230 వోల్టుల సింగిల్ ఫేజ్ ఇస్తే 325. చివర్లో ఐజీబీటీ అనే స్విచ్‌లు ఆ డీసీని సెకనుకు కొన్ని వేలసార్లు ఆపుతూ వదులుతూ మనం అడిగిన ఫ్రీక్వెన్సీలో మళ్లీ త్రీ ఫేజ్ తయారుచేస్తాయి. డ్రైవ్ మీద నడిచే మోటార్ నుంచి సన్నటి ఈల లాంటి శబ్దం వినిపించేది ఈ స్విచింగ్ వల్లే.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఫ్రీక్వెన్సీ ఒక్కటే తగ్గించి వోల్టేజీని అలాగే ఉంచితే మోటార్ విపరీతంగా కరెంటు లాగుతుంది. అందుకని డ్రైవ్ రెండిటినీ కలిపి తగ్గిస్తుంది. 415ను 50తో భాగిస్తే హెర్ట్జ్‌కి 8.3 వోల్టులు. 25 హెర్ట్జ్ అడిగితే సుమారు 207 వోల్టులు ఇస్తుంది. 50 దాటాక మాత్రం లైన్‌లో ఉన్న 415కి మించి ఇవ్వలేదు కాబట్టి ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, వోల్టేజీ ఆగిపోతుంది. ఈ ఒక్క విషయం మీదే తర్వాతి లెక్కంతా నడుస్తుంది.

## ఒకే ఆర్‌పీఎం, రెండు దారులు

ఎక్కువ గందరగోళం ఇక్కడే. డ్రైవ్ వేగం తగ్గించినప్పుడు మోటార్ తిప్పే బలం, అంటే టార్క్, పెరగదు. ఉన్నదే ఉంటుంది. గేరు తగ్గించినప్పుడు మాత్రం పెరుగుతుంది. ఘాట్ రోడ్డు మీద గేర్ల సైకిల్ తొక్కినవాళ్లకు ఈ తేడా కాళ్లకే తెలిసి ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. 3 హెచ్‌పీ మోటార్, అంటే 2.2 కిలోవాట్లు, 1,430 ఆర్‌పీఎం. 9,550ను కిలోవాట్లతో గుణించి ఆర్‌పీఎంతో భాగిస్తే టార్క్ 14.7 న్యూటన్ మీటర్లు. హెడ్‌స్టాక్‌లో 60, 90, 145, 220, 340, 520, 800, 1,200 అని 8 వేగాలు ఉన్నాయనుకుందాం. చక్‌లో 150 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ రౌండ్ బిగించాం, 220 ఆర్‌పీఎం కావాలి.

మొదటి దారి: గేరును 220లో పెట్టి మోటార్‌ను మామూలుగా 50 హెర్ట్జ్ మీద తిప్పడం. గేరు నిష్పత్తి ఆరున్నర. స్పిండిల్ దగ్గర టార్క్ 95 న్యూటన్ మీటర్లు దాటుతుంది. జాబ్ వ్యాసార్ధం 75 మిల్లీమీటర్లు కాబట్టి టూల్ మొన దగ్గర దాదాపు 1,270 న్యూటన్ల బలం, అంటే సుమారు 130 కిలోలు.

రెండో దారి: గేరును 800లోనే వదిలేసి, డ్రైవ్ నాబ్ తిప్పి 13.75 హెర్ట్జ్‌కి తేవడం. స్పిండిల్ అదే 220 ఆర్‌పీఎం తిరుగుతుంది. కానీ గేరు నిష్పత్తి 1.8 కూడా లేదు. స్పిండిల్ దగ్గర 26 న్యూటన్ మీటర్లు, టూల్ దగ్గర 350 న్యూటన్లు, అంటే 36 కిలోలు. మోటార్ మీద 2.2 కిలోవాట్లని రాసి ఉన్నా ఇప్పుడు అది ఇవ్వగలిగేది 0.6 కిలోవాట్ మాత్రమే.

ఇప్పుడు 2 మిల్లీమీటర్ల లోతు, రౌండ్‌కి 0.2 మిల్లీమీటర్ల ఫీడ్‌తో (టూల్ పక్కకు జరిగే దూరం) కట్ పెడదాం. మైల్డ్ స్టీల్‌లో చదరపు మిల్లీమీటర్ చిప్‌కి సుమారు 2,000 న్యూటన్ల బలం కావాలి. ఇక్కడ చిప్ 0.4 చదరపు మిల్లీమీటర్లు, కాబట్టి 800 న్యూటన్లు. మొదటి దారిలో మెషిన్ సునాయాసంగా లాగుతుంది. రెండో దారిలో మోటార్ గొణుగుతూ నెమ్మదించి ఆగిపోతుంది, లేదా డ్రైవ్ ఓవర్‌లోడ్ చూపించి ట్రిప్ అవుతుంది, అంటే తనంతట తానే ఆగిపోతుంది. రాపిడి నష్టాలు ఈ లెక్కలో కలపలేదు, కలిపితే పరిస్థితి ఇంకొంచెం కష్టమే.

సెన్సార్‌లెస్ వెక్టర్ మోడ్ ఉన్న డ్రైవ్ తీసుకుంటే ఈ సమస్య ఉండదని కొందరు చెబుతారు. వెక్టర్ మోడ్ మంచిదే. తక్కువ ఫ్రీక్వెన్సీలో మామూలు డ్రైవ్ కంటే టార్క్‌ను బాగా నిలబెడుతుంది, మొదట ఆటోట్యూన్ చేస్తే మోటార్ గుణం తెలుసుకుని నడుస్తుంది. ఒక నిమిషం పాటు ఒకటిన్నర రెట్ల దాకా లోడ్ తట్టుకునే డ్రైవ్‌లు మామూలుగానే దొరుకుతాయి. అయినా మోటార్‌లో లేని బలాన్ని అది పుట్టించదు. ఆరున్నర నిష్పత్తి గేరు చేసే పని దానివల్ల కాదు.

50 హెర్ట్జ్ పైన లెక్క తిరగబడుతుంది. 75 హెర్ట్జ్ దగ్గర మోటార్ 2,150 దాకా తిరుగుతుంది, టార్క్ 14.7 నుంచి 9.8కి పడిపోతుంది, పవర్ మాత్రం 2.2 కిలోవాట్ల దగ్గరే నిలుస్తుంది. ఫినిషింగ్ కట్‌కి (చివర్లో తీసే పల్చటి కట్) ఇది చాలు.

కాబట్టి "గేరు మార్చే పనే ఉండదు" అన్న మాట చిన్న జాబ్‌లకు, అల్యూమినియం, ఇత్తడి పనికి చాలావరకు నిజం. పెద్ద వ్యాసంలో స్టీల్ రఫింగ్ (మొదట్లో లోతుగా తీసే కట్) చేసేవాళ్లకు అబద్ధం. గేర్‌బాక్స్ పీకేసి డ్రైవ్ ఒక్కటే పెట్టిన లేత్ కావాలంటే మోటార్ హెచ్‌పీ బాగా పెంచుకోవాలి. గేర్‌బాక్స్‌ను ఉంచి దానికి డ్రైవ్ జోడించడమే చిన్న షాపుకి మేలని నా అభిప్రాయం.

## రెండు గేర్ల మధ్య ఉన్న చోటు

మరి గేర్‌బాక్స్ ఉన్నవాడికి డ్రైవ్ ఎందుకు? ఫేసింగ్ (జాబ్ ముఖాన్ని చదునుగా తీయడం) చేసి చూస్తే అర్థమవుతుంది. కార్బైడ్ టిప్‌తో నిమిషానికి 120 మీటర్ల కటింగ్ స్పీడ్ అనుకుంటే, 150 మిల్లీమీటర్ల అంచు దగ్గర 255 ఆర్‌పీఎం కావాలి. టూల్ లోపలికి వచ్చి 50 మిల్లీమీటర్ల దగ్గరికి చేరేసరికి 764 కావాలి. ఒకే గేరులో నడిపితే అంచు దగ్గర మెరిసే ముఖం మధ్యకు వచ్చేసరికి గరుకుగా మారడం ప్రతి టర్నర్ చూసిందే. గేరును 520లో పెట్టి డ్రైవ్‌ను 25 నుంచి 75 హెర్ట్జ్ దాకా పెంచుకుంటూ పోతే స్పిండిల్ 260 నుంచి 780 దాకా వెళ్తుంది. దాదాపు కావాల్సింది కావాల్సినట్టే. ఫినిష్ ఫేసింగ్‌కి బలం కూడా సరిపోతుంది.

పార్టింగ్‌లో (జాబ్‌ను బ్లేడ్‌తో కోసి విడదీయడంలో) లాభం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బ్లేడ్ లోపలికి దిగుతుండగా కీచుమని చాటర్ మొదలవుతుంది, గాడి గోడల మీద వరుసగా చిన్న చిన్న అలల గుర్తులు పడతాయి. గేర్ల లేత్‌లో అప్పుడు మెషిన్ ఆపి 340 నుంచి 220కి దించాలి, ఒక్కోసారి అది మరీ తక్కువవుతుంది. డ్రైవ్ ఉంటే కట్ నడుస్తుండగానే నాబ్‌ను కొంచెం వెనక్కి తిప్పొచ్చు. 340 నుంచి 300కి వచ్చేసరికి కీచు ఆగి, చిప్ చుట్ట చుట్టుకుంటూ బయటికి రావడం మొదలవుతుంది. చాటర్ అనేది మెషిన్, టూల్, జాబ్ కలిసి ఒకానొక వేగం దగ్గర ఊగడం వల్ల వచ్చేది. ఆ వేగం నుంచి కాస్త తప్పుకుంటే చాలాసార్లు పోతుంది. టూల్ బయటికి మరీ పొడుగ్గా ఉన్నా, బేరింగ్ వదులైనా డ్రైవ్ ఏమీ చేయలేదు.

త్రెడ్డింగ్ (మర చెక్కడం) మీద ఒక అనుమానం తరచూ వస్తుంది: వేగం మారిస్తే పిచ్, అంటే మరల మధ్య దూరం, మారదా? మారదు. టూల్‌ను జరిపే లీడ్ స్క్రూకి తిప్పుడు స్పిండిల్ నుంచి గేర్ల ద్వారానే వస్తుంది. స్పిండిల్ నెమ్మదిస్తే టూల్ కూడా అంతే నెమ్మదిస్తుంది. ఆటో ఫీడ్ సంగతీ ఇంతే. షోల్డర్ (జాబ్ మీది మెట్టు) దగ్గరికి వచ్చేటప్పుడు నెమ్మదించి, లీడ్ స్క్రూని పట్టే హాఫ్‌నట్ తీయడానికి తీరికగా సమయం దొరకడం టర్నర్‌కి పెద్ద ఊరట.

## సింగిల్ ఫేజ్ మీద నడుస్తుందా: మోటార్ బాక్సు మూత తీసి చూడాలి

ఇంటి కింద, చిన్న గల్లీలో షెడ్ పెట్టినవాళ్లకు ఇదే అసలు ప్రశ్న. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే డ్రైవ్‌లు 3 హెచ్‌పీ దాకా మార్కెట్లో సులువుగా దొరుకుతాయి. కానీ అవి ఇచ్చేది 230 వోల్టుల త్రీ ఫేజ్, 415 కాదు. మన మోటార్ దానికి ఒప్పుకుంటుందా లేదా అన్నది టెర్మినల్ బాక్సులో తెలుస్తుంది.

నాలుగు స్క్రూలు విప్పి మూత తీస్తే రెండు వరసల్లో ఆరు ఇత్తడి స్టడ్‌లు ఉండాలి. ఒక వరసలో యూ1, వీ1, డబ్ల్యూ1. ఇంకో వరసలో డబ్ల్యూ2, యూ2, వీ2. వాటి మీద పల్చటి ఇత్తడి పట్టీలు ఉంటాయి. పట్టీలు ఒకే వరసలోని మూడు స్టడ్‌లను అడ్డంగా కలిపితే అది స్టార్ కనెక్షన్. పై స్టడ్‌ను కింది స్టడ్‌తో నిలువుగా, మూడు జతలుగా కలిపితే డెల్టా.

మన దేశంలో 3 హెచ్‌పీ దాకా మోటార్లు సాధారణంగా 415 వోల్టులకు స్టార్‌లో వస్తాయి. అలాంటి మోటార్‌లో ఒక్కో వైండింగ్ మీద పడేది 415ను 1.732తో భాగించినంత, అంటే 240 వోల్టులు. కాబట్టి పట్టీలు మార్చి డెల్టా చేస్తే అదే మోటార్ 230 వోల్టుల త్రీ ఫేజ్ మీద పూర్తి బలంతో నడుస్తుంది. కరెంటు మాత్రం పెరుగుతుంది: స్టార్‌లో సుమారు 4.7 ఆంపియర్లు తీసుకునే 3 హెచ్‌పీ మోటార్ డెల్టాలో 8 దాటుతుంది. డ్రైవ్‌లో మోటార్ కరెంటు సెట్టింగ్ ఈ కొత్త అంకెకు మార్చాలి. సింగిల్ ఫేజ్ వైపు నుంచి డ్రైవ్ లాగేది ఫుల్ లోడ్‌లో 20 ఆంపియర్లు దాటుతుంది. అందుకే గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్ దీనికి పనికిరాదు, మీటర్ దగ్గర్నుంచి వేరే వైరు, వేరే ఎంసీబీ కావాలి.

చిక్కు వచ్చేది రెండు సందర్భాల్లో. కొన్ని మోటార్లలో బాక్సులోకి మూడు వైర్లే వస్తాయి, స్టార్ ముడి లోపల వైండింగ్‌లోనే వేసి ఉంటుంది. వైండింగ్ షాపులో విప్పించి ఆరు కొసలు బయటికి తీయించాలి, కొత్త మోటార్‌కి అది చేస్తే వారంటీ పోతుంది. రెండోది 5 హెచ్‌పీ మోటార్. అది సాధారణంగా 415కే డెల్టాలో ఉంటుంది. దానికి 230 ఇస్తే, హెర్ట్జ్‌కి 8.3 వోల్టుల లెక్కన 28 హెర్ట్జ్ దగ్గరే వోల్టేజీ అయిపోతుంది. అక్కడి నుంచి పైకి బలం తగ్గుతూ పోతుంది. 5 హెచ్‌పీ లేత్ కొన్నవాళ్లు త్రీ ఫేజ్ కనెక్షన్‌కి అప్లై చేయడమే సరైన దారి.

త్రీ ఫేజ్ ఇన్‌పుట్ డ్రైవ్‌కి సింగిల్ ఫేజ్ ఇచ్చి నడిపిస్తామనేవాళ్లు కూడా కనిపిస్తారు. తయారీదారు ఒప్పుకుంటేనే అది చేయాలి. అప్పుడు కూడా డ్రైవ్‌ను దాని సామర్థ్యంలో సగంగానే లెక్కపెట్టుకోవాలి. ఇక లేత్‌తో పాటు వచ్చిందే కెపాసిటర్ ఉన్న సింగిల్ ఫేజ్ మోటార్ అయితే దానికి మామూలు వీఎఫ్‌డీ సరిపడదు, మోటార్ మార్చాలి. కూలెంట్ పంప్ కూడా త్రీ ఫేజ్‌దే ఉంటే దానికో చిన్న డ్రైవ్ పెట్టాలి, లేదా సింగిల్ ఫేజ్ పంప్ వేసుకోవాలి. దీన్ని చాలామంది చివరి రోజు దాకా మర్చిపోతారు.

## కరెంటు బిల్లు తగ్గుతుందా

వీఎఫ్‌డీతో భారీగా కరెంటు ఆదా అన్న పేరు పంపులు, ఫ్యాన్ల నుంచి వచ్చింది. అక్కడ వేగం సగానికి తగ్గిస్తే కావాల్సిన పవర్ ఎనిమిదో వంతుకు పడిపోతుంది. లేత్ పని అలాంటిది కాదు. కిలో స్టీల్ చిప్‌గా తీయడానికి కావాల్సిన శక్తి నెమ్మదిగా తీసినా వేగంగా తీసినా దాదాపు అంతే. పైగా డ్రైవ్ తన వంతుగా కొన్ని శాతం వేడి రూపంలో తింటుంది.

ఆదా ఉన్నది వేరే చోట. నేరుగా స్టార్ట్ చేసిన మోటార్ ఆ క్షణంలో ఫుల్ లోడ్ కరెంటుకు 5 నుంచి 7 రెట్లు లాగుతుంది. అందుకే చాలామంది జాబ్ కొలిచేటప్పుడు కూడా మోటార్ ఆపరు, ఖాళీగా తిరగనిస్తారు. డ్రైవ్ మెల్లగా స్టార్ట్ చేస్తుంది కాబట్టి ఎన్నిసార్లయినా ఆపి నడపొచ్చు. ఆపే అలవాటు వస్తే బిల్లు కొంత తగ్గుతుంది, రాకపోతే ఏమీ తగ్గదు. పవర్ ఫ్యాక్టర్ విషయంలో అమ్మేవాళ్లు చెప్పేది సగం సరైనదే: డ్రైవ్ ముందు కరెంటు, వోల్టేజీ దాదాపు కలిసే నడుస్తాయి, కానీ ఆ కరెంటు అల వంకరటింకరగా ఉంటుంది. దాన్నే హార్మోనిక్స్ అంటారు. షెడ్‌లో పవర్ ఫ్యాక్టర్ కోసం పెట్టిన కెపాసిటర్ బ్యాంకు ఉంటే హార్మోనిక్స్ వల్ల అది వేడెక్కవచ్చు. డ్రైవ్ ముందు లైన్ చోక్ పెడితే బాగా తగ్గుతుంది. డ్రైవ్‌కీ మోటార్‌కీ మధ్య మాత్రం కెపాసిటర్ ఎప్పుడూ ఉండకూడదు.

## మోటార్ కాలిపోతుందన్న భయం

పాత టర్నర్ చెప్పే మాటలో అనుభవం ఉంది. మోటార్‌ను చల్లబరిచే ఫ్యాన్ దాని షాఫ్ట్‌కే ఉంటుంది. పైన చెప్పిన 13.75 హెర్ట్జ్ దగ్గర ఆ ఫ్యాన్ పావు వంతు వేగంతో తిరుగుతుంది, లోపల కరెంటు మాత్రం పూర్తిగా ఉండవచ్చు. గంటల తరబడి అలా నడిపితే ఏ మోటార్ అయినా కాలుతుంది. 25 హెర్ట్జ్ కిందికి ఎక్కువసేపు దించకుండా గేరు మార్చుకుంటే ఈ భయం అక్కర్లేదు. కిందికి దించక తప్పని పనైతే మోటార్ వెనక విడిగా తిరిగే ఫ్యాన్ పెట్టించుకోవాలి. హెడ్‌స్టాక్‌లో ఆయిల్ చిమ్మేది కూడా తిరిగే గేర్లే కాబట్టి వాటికీ ఇదే వర్తిస్తుంది. మరీ నెమ్మదిగా తిరిగితే పై బేరింగ్‌లకు ఆయిల్ అందదు.

ఇన్సులేషన్ దెబ్బతింటుందన్నది ఇంకో భయం. పొడుగు కేబుల్ ఉంటే స్విచింగ్ వల్ల మోటార్ కొసల దగ్గర డీసీ వోల్టేజీకి రెండింతల దాకా, అంటే 587కి 1,174 వోల్టుల దాకా ఒత్తిడి పడొచ్చు. లేత్‌లో కేబుల్ రెండు మూడు మీటర్లే ఉంటుంది, అంత పెరగదు. కొత్త మోటార్‌కి ఇది పెద్ద ముప్పు కాదు. రెండు మూడుసార్లు రీవైండ్ చేసిన పాత మోటార్ అయితే ఆలోచించాల్సిందే.

## వైరింగ్: అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ

కొత్త లేత్ ప్యానెల్‌లో ఫార్వర్డ్‌కి ఒకటి, రివర్స్‌కి ఒకటి కాంటాక్టర్లు (మోటార్ కరెంటును కలిపి విడదీసే స్విచ్‌లు) ఉంటాయి. డ్రైవ్ తెచ్చి వాటి ముందు పెట్టేసి, పాత లివర్‌తోనే నడపడం ఎలక్ట్రీషియన్లకు సులువు. అది తప్పు పద్ధతి. డ్రైవ్ నడుస్తుండగా దానికీ మోటార్‌కీ మధ్య కాంటాక్టర్ తెరుచుకున్నా, మూసుకున్నా డ్రైవ్ ట్రిప్ అవుతుంది, కొన్నిసార్లు ఐజీబీటీలు పోతాయి. డ్రైవ్ నుంచి మోటార్‌కి వైరు నేరుగా వెళ్లాలి. లివర్ కింద ఉన్న మైక్రోస్విచ్‌లు డ్రైవ్ కంట్రోల్ టెర్మినల్స్‌కి సిగ్నల్ మాత్రమే ఇవ్వాలి. చిన్న లేత్‌లలో ఉండే డ్రమ్ స్విచ్‌ను కూడా అలాగే సిగ్నల్‌కి వాడొచ్చు. అయితే పెద్ద కరెంటు కోసం చేసిన ఆ కాంటాక్టుల మీద ఆయిల్ పొర పేరుకుంటే 24 వోల్టుల సిగ్నల్ సరిగ్గా పోదు, కొత్త మైక్రోస్విచ్‌లు వేయడం నయం.

లైటు, కూలెంట్ పంప్, కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ డ్రైవ్ ముందు నుంచే, లైన్ నుంచే తీసుకోవాలి. ఫుట్ బ్రేక్ ఉన్న లేత్ అయితే దాని స్విచ్ డ్రైవ్‌కి మోటార్‌ను వెంటనే వదిలేయమని చెప్పాలి. లేకపోతే కాలు బ్రేక్ మీద, డ్రైవ్ ఇంకా తిప్పుతూ, రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయి.

బెంగళూరు వానాకాలంలో కరెంటు ఇలా పోయి అలా రావడం మామూలే. పాత కాంటాక్టర్ వైరింగ్‌లో కరెంటు పోతే కాంటాక్టర్ విడిపోతుంది, మళ్లీ బటన్ నొక్కితేనే తిరుగుతుంది. డ్రైవ్‌లో లివర్ ఫార్వర్డ్‌లోనే ఉండిపోతే, సెట్టింగ్‌ను బట్టి కరెంటు రాగానే చక్ దానంతట అదే తిరగడం మొదలుపెట్టొచ్చు. ఆ సమయంలో టర్నర్ చెయ్యి చక్ కీ మీద ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కరెంటు వచ్చాక తనంతట తాను స్టార్ట్ కాకుండా చేసే పారామీటర్ ప్రతి మంచి డ్రైవ్‌లోనూ ఉంటుంది. అది పెట్టాలి, పెట్టాక చక్ ఖాళీగా ఉంచి మెయిన్ ఆపి వేసి చూడాలి. బటన్ నొక్కి వదిలితే నడిచే త్రీ వైర్ కంట్రోల్ ఇంకా భద్రం.

ఎమర్జెన్సీ స్టాప్ మీద రెండు వాదనలున్నాయి. నొక్కగానే మెయిన్ పవర్ తెగిపోవాలని కొందరంటారు. అలా తెగితే డ్రైవ్ బ్రేక్ వేయలేదు, చక్ దాని వేగంతో అది తిరిగి తిరిగి ఆగుతుంది, మనిషి చొక్కా చుట్టుకున్నప్పుడు ఆ కొన్ని సెకన్లే ప్రాణం తీస్తాయి అని ఇంకొందరంటారు. మెషిన్ల ఎలక్ట్రికల్ భద్రతకు సంబంధించిన ఐఈసీ 60204-1 ప్రమాణం రెండిటినీ గుర్తిస్తుంది. వెంటనే పవర్ తీసేయడం కేటగిరీ 0, ముందు బ్రేక్ వేసి ఆపి తర్వాత పవర్ తీసేయడం కేటగిరీ 1. లేత్‌కి రెండోదే మేలనిపిస్తుంది. కానీ దానికి బ్రేకింగ్ రెసిస్టర్, టైమర్ రిలే సరిగ్గా ఉండాలి. డ్రైవ్ కీప్యాడ్ మీది స్టాప్ బటన్‌ను మాత్రం ఎమర్జెన్సీ స్టాప్ అనుకోకూడదు.

## బ్రేక్, చక్, ఓవర్‌స్పీడ్

200 మిల్లీమీటర్ల చక్, సుమారు 15 కిలోలు, 1,200 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే అందులో దాదాపు 600 జౌళ్ల శక్తి ఉంటుంది. ఒక్క సెకనులో ఆపమంటే ఆ శక్తి మోటార్ ద్వారా వెనక్కి డ్రైవ్ కెపాసిటర్లలోకి వస్తుంది. 415 వోల్టుల డ్రైవ్ సుమారు 800 వోల్టుల దగ్గర ఓవర్‌వోల్టేజ్ అని ట్రిప్ అవుతుంది, చక్ తిరుగుతూనే ఉంటుంది. ఆపే సమయం 4, 5 సెకన్లకు పెంచాలి, లేదా ఆ శక్తిని వేడిగా మార్చే బ్రేకింగ్ రెసిస్టర్ పెట్టాలి.

స్పిండిల్ ముక్కు మీద చక్‌ను త్రెడ్‌తో బిగించే లేత్‌లో గట్టి బ్రేక్ గానీ, వెంటనే రివర్స్ గానీ పెట్టకూడదు, చక్ ఊడి బయటికి వస్తుంది. త్రెడ్ కాకుండా పిన్నులతో లాక్ అయ్యే క్యామ్‌లాక్ చక్‌కి ఆ బాధ లేదు. 50 హెర్ట్జ్ పైకి వెళ్లేటప్పుడు కూడా ఏ గేరులో ఉన్నామన్నది చూసుకోవాలి. 520 గేరులో 75 హెర్ట్జ్ పెడితే స్పిండిల్ 780 దగ్గర ఆగుతుంది, చక్‌కి ఏమీ కాదు. 1,200 గేరులో అదే పెడితే 1,800. బయటికి లాగే బలం 2.25 రెట్లు, చక్ జా (జాబ్‌ను పట్టే దవడ) పట్టు ఆ మేరకు సడలుతుంది. చక్ మీద కొట్టిన గరిష్ఠ ఆర్‌పీఎం చూసి, దానికి లోబడేలా డ్రైవ్‌లో పై హద్దు పెట్టేయాలి.

## డ్రైవ్ ఎక్కడ పెట్టాలి

కాస్ట్ ఐరన్ తిప్పే షాపులో గాల్లో తేలే నల్లటి దుమ్ము కరెంటును మోస్తుంది. డ్రైవ్‌కున్న గాలి సందుల్లోంచి అది లోపలికి చేరితే బోర్డు షార్ట్ అవుతుంది. కూలెంట్ ఆవిరి కూడా ఇంతే చేటు. మూసిన ప్యానెల్‌లో, ఫిల్టర్ ఉన్న ఫ్యాన్‌తో, చిప్‌లు పడని వైపు పెట్టాలి. డీఆర్‌ఓ (టూల్ స్థానాన్ని చూపే డిజిటల్ డిస్‌ప్లే) అంకెలు డ్రైవ్ ఆన్ చేయగానే గంతులేస్తే మోటార్ కేబుల్‌కి షీల్డ్ లేదనో, ఎర్త్ సరిగ్గా లేదనో అర్థం. షీల్డ్ ఉన్న కేబుల్ వేసి రెండు కొసల్లోనూ ఎర్త్ చేయాలి. డ్రైవ్ ఫిల్టర్ నుంచి ఎర్త్‌కి కొంచెం కరెంటు ఎప్పుడూ కారుతుంటుంది కాబట్టి మామూలు ఆర్‌సీసీబీ (ఎర్త్ లీకేజీకి కరెంటు ఆపే స్విచ్) ఊరికే ట్రిప్ కావొచ్చు. దాన్ని తీసేయడం పరిష్కారం కాదు, డ్రైవ్‌కి తగిన రకం పెట్టాలి. మెయిన్ ఆపాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జ్ కొన్ని నిమిషాలు ఉంటుంది. మాన్యువల్‌లో రాసినంతసేపు ఆగి, డీసీ వోల్టేజీ మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టాలి.

## కంపెనీ నుంచే వేయించుకోవాలా, తర్వాత వేసుకోవాలా

తయారీదారు దగ్గరే డ్రైవ్ వేయించుకుంటే వైరింగ్, బ్రేక్, పారామీటర్లు అన్నీ ఒకరి బాధ్యత. ధర ఎక్కువ పడుతుంది, ఏ కంపెనీ డ్రైవ్ పెట్టాలన్నది వాళ్ల ఇష్టం. తర్వాత మనం వేయించుకుంటే ఖర్చు తగ్గుతుంది, పాడైతే ఊళ్లోనే దొరికే మోడల్ ఎంచుకోవచ్చు. కానీ ప్యానెల్ విప్పినందుకు ఎలక్ట్రికల్ వారంటీ పోయే ప్రమాదం ఉంది. మధ్యేమార్గం ఒకటి కొందరు తయారీదారులు ఒప్పుకుంటారు: ఆరు కొసలు బయటికి ఉన్న మోటార్, లివర్ మైక్రోస్విచ్‌ల వైర్లు విడిగా ఒక టెర్మినల్ పట్టీకి తెచ్చి, ప్యానెల్‌లో డ్రైవ్‌కి చోటు వదిలి ఇవ్వడం. ఏ దారి పట్టినా ఆర్డర్ ఇచ్చే ముందు మోటార్ కనెక్షన్ స్టారో డెల్టానో, స్పిండిల్ ముక్కు త్రెడ్డో క్యామ్‌లాకో, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ 50 హెర్ట్జ్ దాటి ఎంతవరకు తట్టుకుంటుందో, డ్రైవ్ వేస్తే వారంటీ నిలుస్తుందో లేదో కొటేషన్‌లోనే రాయించుకోవాలి.